అరువు తాళంచెవి

ఏడేళ్ల తర్వాత మా తలుపు తట్టింది ఇస్మేనియా.
చేతిలో తాళంచెవి, దానికి ఊలుతో అల్లిన చేప.
"మా చెల్లి కాలు విరిగింది" అంది
నా మొహం వంక కాకుండా గుమ్మం వంక చూస్తూ.
"చిలోయె దీవికి టికెట్లు ముందే కొనేశాను. పద్నాలుగు రోజులు.
ఈ వీధిలో పగలంతా ఇంట్లో ఉండేది మీరొక్కరే."

వల్పరాయిసోలో మా కొండ మీద ఇళ్లన్నీ
ఒకదాని భుజం మీద ఒకటి తలవాల్చి ఉంటాయి.
మా రెండింటికీ నడుమ ఒకటే గోడ, చెక్కా రేకూ.
ఆవిడ అటునుంచి చీపురుకర్రతో కొట్టేది,
నేను ఇటునుంచి చెప్పుతో.
మా మధ్య నడిచిన సంభాషణ అంతా అదే.

ఫ్రిజ్ మీద నాలుగు పేజీల చీటీ, టీచరమ్మ చేతిరాత.
నీళ్లు రోజూ మార్చాలి, పాతవాటిలో కలపకూడదు.
మాత్ర సగం. ట్యూనాలో దాచాలి.
దాచినట్టు దానికి తెలియకూడదు.
బాల్కనీ కిటికీ తెరవొద్దు, తెరవొద్దు కింద రెండు గీతలు.
పేరు సెనీసా. పిలిస్తే రాదు.

రాలేదు.
మొదటి రోజు మంచం కింద రెండు పచ్చని నాణేలు.
రెండో రోజు అవీ లేవు.
మూడో రోజు గిన్నె ఖాళీ, ఇసుకలో రెండు ముద్దలు,
మాత్ర మాత్రం నేల మీద
కడిగి ఆరబెట్టినంత శుభ్రంగా.
నలభై ఏళ్లు టగ్ బోటు మీద పనిచేశాను,
ఊరంతేసి ఓడల్ని తాడు కట్టి రేవుకి లాక్కొచ్చాను.
మూడు కిలోల జంతువుని మంచం కిందనుంచి లాగలేకపోయాను.

నాలుగో రోజు మాత్ర సంగతి మరిచిపోయి
రాత్రి గుర్తొచ్చి పరిగెత్తాను.
దీపం వెయ్యలేదు. నేల మీద చతికిలబడ్డాను.
అప్పుడు వినిపించింది,
ఎవడో కొంపలు మునిగినట్టు అరుస్తున్నాడు.
గోల్ కీపర్ని తిడుతున్నాడు, మధ్యలో సబ్బు అమ్ముతున్నాడు.
గూట్లో ఆవిడ కప్పులు సన్నగా వణుకుతున్నాయి.
ఎవడ్రా వీడు, ఈ వేళప్పుడు, బుద్ధిలేకుండా
అనుకున్నాక తెలిసింది.
నేను కట్టేయకుండా వచ్చిన నా రేడియో.

ఏడేళ్లు. రాత్రికి మూడు గంటలు.
లెక్క వెయ్యబోయి మానేశాను.
ఇంటికెళ్లి నాబ్ తిప్పాను, దోమ గొంతంతకి.

ఐదో రాత్రి
సెనీసా మంచం కింద లేదు.
గోడ దగ్గర కూర్చుంది, ఒక చెవి రేకుకి ఆనించి,
రావలసిన బస్సు రాని మనిషిలా.
ఈ నిశ్శబ్దం నీ పనేనా అన్నట్టు చూసింది.
వెళ్లి కొంచెం పెంచాను. వచ్చి చూశాను.
ఇంకొంచెం. మళ్లీ మెట్లు దిగి, మళ్లీ మెట్లెక్కి.
మోకాళ్లు నన్ను తిట్టాయి, ఎప్పటి తిట్లో.
నాలుగో అంకె దగ్గర
తోక చుట్టుకుని, గోడకి వీపానించి పడుకుంది.
మాత్ర మళ్లీ నేల మీదే.

ఏడో రోజు ఫోటో పంపమంది ఇస్మేనియా.
నా బూటూ, దాని తోక కొసా పడ్డాయి.
"బతికే ఉంది" అని రాశాను.
"ఎవరు?" అని జవాబు.
ఆవిడకి హాస్యం వచ్చని నాకెవరూ చెప్పలేదు.

పదిహేనో రోజు దిగింది, ముక్కు ఎండకి కమిలి.
"తిందా?"
"తింది."
"కనపడిందా?"
"అప్పుడప్పుడు."
రేడియో మాట నేనెత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.
నల్లతొక్క బంగాళాదుంపలు సంచీడిచ్చి
తాళంచెవి తీసుకుంది.
ఊలు చేపకి తోక లేదు.
ఎవరు కొరికారో అడగలేదు.

రాత్రి తొమ్మిదికి నాలుగో అంకె దగ్గర పెట్టాను.
పొయ్యి మీద దుంపలు ఉడుకుతున్నాయి.
అవతలనుంచి గోడ మీద రెండు దెబ్బలు,
చీపురుకర్రే, కానీ మెల్లగా.
నాబ్ మీద చెయ్యేసి నిలబడ్డాను,
పెంచమనా, తగ్గించమనా.